ఓపెన్‌సీపీఎన్‌తో ఆరేళ్లు: ఆటుపోట్ల గ్రాఫ్ గురించి మాత్రమే

ఓపెన్‌సీపీఎన్ అంటే పడవలో దారి చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. అందులో చార్టులు (సముద్ర పటాలు) ఎలా ఎక్కించాలి, జీపీఎస్ ఎలా తగిలించాలి, రూటు ఎలా గీయాలి అన్నవి ఇక్కడ రాయడం లేదు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓపెన్‌సీపీఎన్‌ని ఆరేళ్లుగా నా లాప్‌టాప్‌లో ఉంచుకున్నది ముఖ్యంగా ఒక్కదాని కోసం. ఆటుపోట్ల గ్రాఫ్. దాని మీద నాకున్న ఇష్టం ఇంకే సాఫ్ట్‌వేర్ మీదా లేదు. దాన్ని చూసుకునే ఒకరోజు పడవని ఇసుకలో కూరుకుపోయేలా చేశాను కూడా.

చెన్నైలో సర్వే పని చేస్తాను. చిన్న ఫైబర్ బోటు అద్దెకు తీసుకుని, పక్కన గొట్టానికి ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) కట్టి, క్రీకుల్లో (సముద్రపు నీళ్లు వచ్చిపోయే పాయల్లో), ఏటి మొగల దగ్గర లోతులు కొలవడం మా పని. ఎన్నూరు, పులికాట్, ఇటు కోవళం. గుజరాత్‌లో భావనగర్ వైపు ఆటుకీ (నీళ్లు దిగిపోయిన మట్టం) పోటుకీ (నీళ్లు ఎక్కిన మట్టం) తేడా పది మీటర్ల దాకా ఉంటుందంటారు. మన దగ్గర పున్నమి, అమావాస్యలకు కూడా అది మీటరు చుట్టుపక్కలే. మీటరే కదా అనిపిస్తుంది. కానీ మొగ దగ్గర ఇసుక మేట మీద నీళ్లు మోకాలి లోతు ఉంటాయా నడుము దాటతాయా అన్నది ఆ మీటరే తేలుస్తుంది. మా ఇంజన్ కాలు నీళ్లలోకి రెండడుగుల పైనే దిగుతుంది.

ఇది లేనప్పుడు సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే టైడ్ టేబుల్స్ పుస్తకం చూసుకునేవాణ్ణి. నమ్మదగ్గ పుస్తకం, ఇప్పటికీ బ్యాగులో ఉంటుంది. కాకపోతే అందులో రోజుకి నాలుగు అంకెలు: రెండు పోట్లు, రెండు ఆట్లు. మధ్యలో పదకొండున్నరకి నీళ్లెంత అంటే కాగితం మీద లెక్క కట్టుకోవాలి. ఓపెన్‌సీపీఎన్‌లో చార్టు మీద ఆటుపోట్ల స్టేషన్ (ఆటుపోట్లు లెక్కగట్టే చోటు) గుర్తు మీద నొక్కితే రోజంతటి గీత వచ్చేస్తుంది. మౌస్ ఆ గీత మీద పెడితే ఆ నిమిషానికి ఎత్తెంతో చెబుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. వచ్చే నెలలో ఏ శనివారం పొద్దున పోటుందో ఇంట్లో టీ తాగుతూ చూసుకోవచ్చు. సముద్రం మధ్యలో సిగ్నల్ పోయాక కూడా ఆ గీత నాతోనే ఉంటుందన్న ధైర్యం మాటల్లో చెప్పలేను. మొదటి రెండేళ్లు కనిపించిన ప్రతివాడికీ దీని గురించి చెప్పాను. నీళ్లలో మేము పాతిన టైడ్ పోల్ (నీటి మట్టం చూసే కొలకర్ర) చూసి సరిపోల్చుకుంటే పోటు వేళలు పది, పదిహేను నిమిషాల తేడాలోపే కలిసేవి.

ఇక అసలు సంగతి. మాఘ పున్నమి మర్నాడు ఎన్నూరు మొగ బయట పని. పొద్దున జాలర్ల రేవు నుంచి బయటికి వెళ్లి, మధ్యాహ్నం పోటు చూసుకుని లోపలికి రావాలి. ముందు రోజు రాత్రి పాత రీడింగుల ఫైళ్లు సరిచూస్తూ కూర్చున్నాను. మా జీపీఎస్ రికార్డులన్నీ యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైమ్‌లో ఉంటాయి. వాటితో కలిపి చూడ్డానికి గ్రాఫ్ టైమ్‌ని కూడా యూటీసీకి మార్చాను. పని అయ్యాక తిరిగి మార్చలేదు. అదే తెర మీద మర్నాటి గీత తెచ్చి, ఫోన్‌తో ఫోటో తీసి, పడవ నడిపే బాబాయ్‌కి పంపాను. అందులో పోటు మధ్యాహ్నం 3.40కి.

బాబాయ్‌ది పులికాట్ వైపు ఊరు. తెలుగు, తమిళం రెండూ కలిపి మాట్లాడతాడు. వెంటనే ఫోన్ చేశాడు. "పున్నమి పూట మధ్యాహ్నం పోటేంది సార్? పున్నమికీ అమాసకీ పొద్దున ఎనిమిది, తొమ్మిదికి కదా వచ్చేది. మా తాతప్పట్నుంచీ అంతే." నేను మాట దాటేశాను. "మర్నాడు కదా బాబాయ్, కాస్త జరుగుతుంది" అన్నాను. కాస్త అంటే ముప్పావుగంట జరగాలి, ఆరేడు గంటలు కాదు. ఆ మాత్రం నాకు తెలియంది కాదు. ఎదురుగా అంత శుభ్రమైన గీత ఉంటే దాన్ని అనుమానించాలన్న ఊహే రాలేదు.

మర్నాడు మూడున్నర దాటాక మొగలోకి తిరిగాం. తెర మీద గీత శిఖరం ఎక్కుతోంది. ఎడమ పక్కన మేట బయటపడి ఉంది, తడి ఇసుక మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఒడ్డు రాళ్ల మీద తడి చార నీళ్లకి మూరెడు పైన కనిపిస్తోంది. పొద్దున పోటు వదిలిన గుర్తది. అప్పటికీ నాకు తట్టలేదు. బాబాయ్ ఇంజన్ ఎత్తబోయేలోపే కింద గరగరమని శబ్దం వచ్చింది, ప్రొపెల్లర్ ఇసుకలో దిగింది, ఇంజన్ ఆగిపోయింది. వెనక నుంచి అల కొట్టి పడవని అడ్డం తిప్పింది. ఎకో సౌండర్ గొట్టం వంగిపోయింది. అందరం దిగాం. నీళ్లు తొడల దాకా ఉన్నాయి. తోసి పడవ ముక్కు సముద్రం వైపు తిప్పి, లంగరు వేసి, పట్టుకుని నిలబడ్డాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పడవ మళ్లీ తేలేసరికి చీకటి పడుతోంది. బాబాయ్ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి గ్రాఫ్ తెరిస్తే మూలన యూటీసీ అని కనిపించింది. 3.40కి అయిదున్నర గంటలు కలిపితే రాత్రి 9.10. నిజమైన పోటు అప్పుడు. మేము మొగలోకి వచ్చింది ఆటు అయిపోయి అరగంట దాటిన వేళ.

ఈ లెక్క మన దేశంలో ఈ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతివాళ్లూ గుర్తుంచుకోవాలి. పోటు నుంచి ఆటుకి సుమారు 6 గంటల 12 నిమిషాలు. మనకీ యూటీసీకీ తేడా 5 గంటల 30 నిమిషాలు. రెంటికీ మధ్య ముప్పావుగంట కూడా లేదు. అంటే యూటీసీ గీతని మన టైమ్ అనుకుని చదివితే పోటు ఉన్నచోట దాదాపు ఆటు, ఆటు ఉన్నచోట దాదాపు పోటు కనిపిస్తుంది. గీత అందంగానే ఉంటుంది, ఎత్తులు నమ్మేలాగే ఉంటాయి, ఎక్కడా తేడాగా అనిపించదు. గంటో రెండు గంటలో తేడా వస్తే ఒడ్డున నీళ్లు చూసి పట్టేస్తాం. పూర్తిగా తలకిందులైతే మనిషి కళ్లకంటే తెరనే నమ్ముతాడు. నేను నమ్మాను. తప్పు నాదే, సాఫ్ట్‌వేర్‌ది కాదు. అయినా యూటీసీలో ఉన్నప్పుడు గ్రాఫ్ రంగు మారేలా చేస్తే ఎంత బావుండునో అనిపిస్తుంది. (1802లోనే మద్రాసు అబ్జర్వేటరీ ఈ ఊరికి గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండే టైమ్ కట్టింది. అంత నిక్కచ్చిగా వేళ లెక్కగట్టిన ఊళ్లో నేను చేసింది ఇది.)

ఆ తర్వాత గ్రాఫ్‌ని చూసే పద్ధతి మారింది. పదిహేను నిమిషాల తేడాలోపు కలుస్తుందని పైన అన్నాను కదా, అది వేళల సంగతి, అదీ బయటి తీరం సంగతి. క్రీకు లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆలస్యమన్నది మొగ ఎంత తెరుచుకుని ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఎత్తుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన తీరంలో సముద్ర మట్టం అక్టోబరు, నవంబరులో పైకి లేచి ఉంటుంది, ఫిబ్రవరి, మార్చి నాటికి దిగిపోతుంది. ఈ రకం లెక్కలు దాన్ని ఏళ్ల సగటుగానే పట్టుకోగలవు, ఆ ఏడు ఎలా ఉంటుందో వాటికి తెలియదు. గాలి సంగతి అసలే తెలియదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజుల్లో ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు తెరిచి చూశాను. గీత ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. సూర్యచంద్రుల లాగుడు లెక్కే దానిది. అలలు, ఉప్పెన హెచ్చరికల కోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ బులెటిన్లే చూడాలి.

అయితే వాడమంటానా? నాలా మొగల్లో, క్రీకుల్లో అడుగు లోతు కోసం చూసుకునేవాళ్లు తప్పకుండా వాడండి. పక్కన టైడ్ టేబుల్స్ పుస్తకం ఉంచుకోండి, ప్రతిసారీ కనీసం ఒక్క పోటు వేళైనా రెండింట్లో కలిసిందో లేదో చూడండి. కాసిమేడు చేపల రేవు నుంచి లోతు నీళ్లలోకి పోయే పెద్ద బోట్లకి మన ఊరి మీటరు పోటుతో అంత పని ఉండకపోవచ్చు. చార్టుల గురించి నేను తీర్పు చెప్పను. అధికారిక చార్టులు డెహ్రాడూన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసువి, మొదట తెరిచినప్పుడు ఈ ప్రోగ్రామే దీని మీద మాత్రమే ఆధారపడొద్దని హెచ్చరిస్తుంది. నాకు డబ్బు పెట్టి పెద్ద పరికరం కొనే స్తోమత లేదు, ఉంటే ఏమనేవాణ్ణో తెలియదు.

ఇప్పుడు ఫోటో పంపడం మానేశాను. పనికి ముందు రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేసి, ముందు ఆయన లెక్క ప్రకారం పోటు ఎప్పుడో అడుగుతాను. ఆయన చెప్పాకే గ్రాఫ్ తెరుస్తాను.