హైపర్‌ఫైన్ లెక్క పక్కన ఎర్రర్ ఎంత రాయాలి, ఏ పద్ధతి మేలు?

గచ్చిబౌలి వైపు అటామిక్ థియరీ చేసే పీహెచ్‌డీ పిల్లలు నలుగురు చేరితే చాయ్ మీద తేలని పంచాయితీ ఇదే, హైపర్‌ఫైన్ కాన్‌స్టాంట్ (న్యూక్లియస్ మాగ్నెటిజం వల్ల అణువు ఎనర్జీ లెవెల్ ఎంత చీలుతుందో చెప్పే నంబర్) లెక్కేశాం సరే, పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత పెట్టాలి అని.

ఎక్కువమంది ఎక్స్‌పరిమెంట్‌తో తేడా చూసి అదే ఎర్రర్ అనేస్తారు. సీజియం-133కి ఇది మరీ సుళువు, గ్రౌండ్ స్టేట్ (అన్నిటికన్నా కింది లెవెల్) చీలిక గ్యాప్ 9,192,631,770 హెర్ట్జ్ అని 1967 నుంచి సెకను నిర్వచనంలోనే ఉంది, ఈ గ్యాప్ కాన్‌స్టాంట్‌కి నాలుగు రెట్లు కాబట్టి నాలుగుతో భాగిస్తే 2298.16 మెగాహెర్ట్జ్, అంటే ఆన్సర్ ముందే చేతిలో ఉంది, గొడవంతా అక్కడే. ఉత్త డిరాక్-ఫాక్ (ఒక్కో ఎలక్ట్రాన్ మిగతావాటి సగటు ఫీల్డ్‌లో ఉందనుకునే లెక్క) వేస్తే 1,400 చిల్లర వస్తుంది, మిగతాదంతా కోరిలేషన్, అంటే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకునే ఎఫెక్ట్, తేవాలి, దాని మీద బ్రైట్ (ఎలక్ట్రాన్ల మధ్య మాగ్నెటిక్ ఇంటరాక్షన్), క్యూఈడీ (క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్ కరెక్షన్లు), న్యూక్లియస్‌లో మాగ్నెటైజేషన్ పరుచుకుని ఉండటం వల్ల వచ్చే బోర్-వైస్‌కాఫ్ ఎఫెక్ట్, ఇవి కొన్ని పైకి కొన్ని కిందికి లాగుతాయి. కిరాణా చీటీలో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని టోటల్ సరిపోయినట్టు ఇక్కడా సరిపోవచ్చు, అప్పుడు 0.1 శాతం అని రాసుకుంటే ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

కోరిలేషన్ లెక్కేసే రెండు మెథడ్స్, అంటే సీఐ ప్లస్ ఎంబీపీటీ ఒకటి, కపుల్డ్ క్లస్టర్ ఒకటి వేసి తేడా తీసేవాళ్ళూ ఉన్నారు. రెండింట్లోనూ ఒకే బేసిస్ (వేవ్‌ఫంక్షన్ కట్టడానికి వాడే ఫంక్షన్ల సెట్), ఒకే న్యూక్లియర్ మోడల్, రెండింట్లోనూ క్యూఈడీ లేదు, ఇంక తేడా చిన్నగా రాక ఏమవుతుంది. నాకైతే ఇది అన్నిటికన్నా వీక్.

నా ఓటు మూడోదానికే, వదిలేసిన ముక్కల్ని ఒక్కొక్కటిగా అంచనా కట్టడం. బేసిస్ పెంచుకుంటూ పోతే నంబర్ ఎక్కడ ఆగుతోంది, ట్రిపుల్స్ (మూడు ఎలక్ట్రాన్లు ఒకేసారి కదిలే టర్ములు) సుమారుగా కలిపితే ఎంత కదిలింది, మాగ్నెటైజేషన్‌ని యూనిఫాం బాల్ అనుకుంటే ఎంత, ఒక్క ప్రోటాన్ వల్లే అనుకునే సింగిల్ పార్టికల్ మోడల్ అయితే ఎంత. ఓపికా కావాలి, కంప్యూటర్ టైమూ కావాలి. ఇంకోటి, వీటిని స్క్వేర్ చేసి కూడి రూట్ తియ్యాలంటే అవి ఇండిపెండెంట్ అయ్యుండాలి, కోరిలేషన్ ముక్కలు అలా ఉండవు, వాటిని నేరుగా కూడటమే సేఫ్.

అలాగని ఎక్స్‌పరిమెంట్‌ని అవతల పారెయ్యక్కర్లేదు, సీజియం లెవెల్స్‌లో 6ఎస్ (గ్రౌండ్ స్టేట్) ఒక్కటే కాకుండా 7ఎస్, 6పీ1/2, 7పీ1/2 అన్నీ కలిపి చూస్తే లక్కు బయటపడుతుంది. 1997లో అమెరికాలోని బౌల్డర్‌లో సీజియం పారిటీ వయొలేషన్‌ని (కుడి-ఎడమల మధ్య ప్రకృతి చూపే చిన్న తేడా) 0.35 శాతానికి కొలిచాక థియరీవాళ్ళకి ఈ చెక్ ఇంకా ముఖ్యమైంది, ఎందుకంటే రెండిటికీ న్యూక్లియస్ దగ్గరి వేవ్‌ఫంక్షనే ఆధారం.

హైడ్రోజన్‌లో మాత్రం కథ వేరు, గ్రౌండ్ స్టేట్ గ్యాప్ 1420.405751 మెగాహెర్ట్జ్ అని కొలత ఎప్పుడో వచ్చేసింది, థియరీ పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) దగ్గర ప్రోటాన్ లోపలి నిర్మాణం వల్ల ఆగిపోయింది, కాబట్టి అక్కడ వచ్చే తేడా మన లెక్క గురించి కన్నా ప్రోటాన్ గురించే ఎక్కువ చెప్తుంది.