ఫైల్ చదవడం, రాయడంలో ఏ లాంగ్వేజ్ ఫాస్ట్? ఎనిమిదేళ్లు వాడాక నా రివ్యూ

ఎనిమిదేళ్లుగా నా పనంతా పెద్ద పెద్ద టెక్స్ట్ ఫైళ్లతోనే. ఆఫీసులో లాగ్ ఫైళ్లు, సీఎస్‌వీలు. ఇంటికొస్తే తెలుగు వికీపీడియా డంప్ (వ్యాసాలన్నీ ఉన్న పెద్ద ఫైల్) దించుకుని ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోవడం, అది నా ఇష్టం కొద్దీ పెట్టుకున్న పని. ఇదే పనిని సీలో రాశా, సీ++లో రాశా, జావా, పైథాన్, గో, రస్ట్ అన్నిట్లో రాశా, కొన్నింటిని రాత్రిపూట నడిచే జాబ్‌లో నెలల తరబడి ఉంచి చూశా. అలా వాడి వాడి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నా.

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి వచ్చి "అన్నా, ఈ పైథాన్ జాబ్ బాగా స్లో అయిపోతోంది, రస్ట్‌లోకి మార్చేద్దామా" అన్నాడు. "మారుద్దాం గానీ తమ్ముడూ, ముందు ఎస్‌ట్రేస్ పెట్టి చూడు" అన్నా. ఎస్‌ట్రేస్ అంటే ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఏం అడుగుతోందో, ఎన్నిసార్లు అడుగుతోందో చూపించే లైనక్స్ టూల్. అది ఎందుకు చూడమన్నానంటే, ప్రోగ్రామ్ ఏ లాంగ్వేజ్‌లో రాసినా డిస్క్‌ని అది నేరుగా ముట్టుకోదు, "ఇన్ని బైట్లు ఇవ్వు" అని కెర్నెల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగాన్ని, అడుగుతుంది, అలా అడిగిన ప్రతిసారీ ఒక సిస్టమ్ కాల్, ప్రతి కాల్‌కీ కొంత ఖర్చు. 1 జీబీ ఫైల్‌ని 4096 బైట్ల చొప్పున అడిగితే 2,62,144 సార్లు అడగాలి. అదే 1 ఎంబీ చొప్పున అడిగితే 1024 సార్లే. ఒక్కో బైట్ అడిగితే వంద కోట్ల పైమాటే, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏదైనా ఏం చేస్తుంది పాపం. నా అనుభవంలో "ఆ లాంగ్వేజ్ స్లో" అని వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోయాయి, ఎస్‌ట్రేస్‌కి -c ఆప్షన్ ఇచ్చి నడిపితే ఏ కాల్ ఎన్నిసార్లు వెళ్లిందో చివర్లో పట్టీ వేసి చూపిస్తుంది, అది చూడకుండా నేనిప్పుడు ఏ కోడూ ముట్టుకోవట్లేదు.

సీ++ దగ్గర మొదలుపెడతా, ఎక్కువ దెబ్బలు అక్కడే తిన్నా కాబట్టి. లైన్ చివర ఎండ్‌ఎల్ రాసే అలవాటు కాలేజీలో పడుతుంది, ఎవరూ మాన్పించరు. ఎండ్‌ఎల్ అంటే కొత్త లైన్ ఒక్కటే కాదు, బఫర్‌లో (డేటాని కాసేపు పోగుచేసి ఉంచే మెమరీలో) ఉన్నదంతా అప్పటికప్పుడు బయటికి తోసెయ్యమని కూడా. కోటి లైన్లు రాస్తే కోటి రైట్ కాల్స్. దాన్ని తీసేసి మామూలు బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టిన రోజు, చాయ్ తాగి వచ్చేదాకా నడిచే ప్రోగ్రామ్ నేను కుర్చీలోంచి లేవకముందే అయిపోయింది. నిజంగా నమ్మబుద్ధి కాలేదు, అవుట్‌పుట్ ఫైల్ సైజు రెండుసార్లు చూసుకున్నా. రెండోది సీఇన్ సంగతి, అంటే సీ++లో ఇన్‌పుట్ చదివేది. అది మామూలుగా సీ లైబ్రరీ బఫర్లతో కలిసి నడవాలని చూస్తుంది, సింక్ విత్ ఎస్‌టీడీఐఓని ఫాల్స్ చేసి, సీఅవుట్‌తో దానికున్న టై (ముడి) తీసేస్తే అంకెలు చదివే పనుల్లో తేడా కళ్లకి కనిపిస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అలా చేశాక అదే ప్రోగ్రామ్‌లో ప్రింట్‌ఎఫ్‌నీ సీఅవుట్‌నీ కలిపి వాడితే అవుట్‌పుట్ వరస తప్పుతుంది.

కంపైలర్ మారిస్తే స్పీడ్ మారుతుందా అని చాలామంది అడుగుతారు. లైనక్స్‌లో జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లూ ఏళ్ల తరబడి మార్చి మార్చి వాడా, ఫైల్ చదివే భాగంలో చెప్పుకోదగ్గ తేడా నాకెప్పుడూ కనపడలేదు. కారణం కూడా సింపులే, రెండూ కింద వాడేది మామూలుగా ఒకే జీలిబ్‌సీ (సీ లైబ్రరీ), ఒకే లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ లైబ్రరీ). గెట్‌లైన్ లాంటివి ఆ లైబ్రరీలో ముందే కంపైల్ అయి ఉంటాయి, మనం కంపైలర్‌కి ఓ2, ఓ3 అని ఏ ఆప్టిమైజేషన్ స్థాయి పెట్టినా అవి మారవు. ఎస్‌ట్రేస్‌లో చూస్తే ఐఎఫ్‌స్ట్రీమ్‌తో ఫైల్ చదివేటప్పుడు ఒక్కో కాల్‌కి వచ్చిన బైట్లు 8191, 8191, 8191 అని వరసగా వస్తాయి, అది ఆ లైబ్రరీ బఫర్ సైజులోంచి ఒకటి తీసేసిన అంకె, కంపైలర్ మార్చినా అదే 8191. కంపైలర్ ప్రభావం కనిపించేది చదివాక చేసే పనిలో, అంటే లైన్‌ని ముక్కలు చెయ్యడం, అంకెలుగా మార్చడం, వాటిలో.

విండోస్‌లో కథ వేరు. అక్కడ రన్‌టైమ్ లైబ్రరీయే వేరు, ఒక్కో అక్షరం తీసుకునే గెట్‌చార్ ప్రతిసారీ లాక్ వేసి తీస్తుంది కాబట్టి మింగ్‌డబ్ల్యూలో (విండోస్‌కి జీసీసీ) అక్షరం అక్షరం చదివే కోడ్ నీరసంగా నడుస్తుంది, ఎఫ్‌రీడ్‌తో పెద్ద ముక్క తెచ్చుకుంటే ఆ బాధ లేదు. పైగా టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే లైన్ చివర మార్పులు చేసుకుంటూ పోతుంది, ఫైల్ మధ్యలో కంట్రోల్ జెడ్ బైట్ వస్తే అక్కడితో ఫైల్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది కూడా. బైనరీ మోడ్‌లోనే తెరవండి. విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్లకి ఇంకో మాట, ఫైల్ సీ డ్రైవ్‌లో ఉంచి లైనక్స్ వైపు నుంచి చదివితే మధ్యలో ఇంకో ప్రోటోకాల్ దాటి రావాలి, లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు కొలవండి, లేకపోతే ఏ లాంగ్వేజ్‌ని తిట్టినా అన్యాయమే.

జావాలో స్కానర్ వాడకండి, అంతే. అది ప్రతి ముక్కకీ లోపల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనాతో వెతికే పద్ధతి) నడుపుతుంది. బఫర్డ్‌రీడర్‌కి మారితే జావా ఏమీ స్లో కాదు, పెద్ద ఫైళ్ల మీద వేడెక్కాక (నడుస్తూ నడుస్తూ స్పీడ్ అందుకున్నాక) నాకు సీ++కి దగ్గరగానే వచ్చింది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉండి ఒక్కోదానికీ ప్రోగ్రామ్ కొత్తగా మొదలవ్వాలంటే మాత్రం జావాని నడిపే జేవీఎం లేచే టైమే సగం తినేస్తుంది.

ఇక పైథాన్. దీని మీద నాకున్న అభిమానం దాచుకోను. మన తెలుగు ఫైళ్ల దగ్గర మాత్రం ఒక విషయం అర్థం చేసుకోవాలి. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ప్రతిదీ, గుణింతం గుర్తు ప్రతిదీ 3 బైట్లు. "తెలుగు" అనే మాటే తీసుకోండి, గుణింతం గుర్తులతో కలిపి 6 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తులు), ఫైల్‌లో 18 బైట్లు. పైథాన్ దాన్ని టెక్స్ట్ మోడ్‌లో చదివితే ప్రతి మూడు బైట్లనీ సరిచూసి, మెమరీలో రెండేసి బైట్ల స్ట్రింగ్‌గా మార్చుకుంటుంది. ఇంగ్లిష్ ఫైల్ అయితే ఆస్కీకి (ఒక్కో బైట్‌లో పట్టే ఇంగ్లిష్ అక్షరాలకి) దగ్గరదారి ఉంది, ఒకేసారి ఎనిమిదేసి బైట్లు దాటేస్తుంది, మనకి ఆ దారి లేదు. అందుకే ఇంగ్లిష్ ఫైళ్ల మీద ఎవరో వేసిన బెంచ్‌మార్క్ చూసి తెలుగు డంప్ కూడా అంతే స్పీడ్‌గా నడుస్తుందనుకుంటే కుదరదు. నేను చేసిందేంటంటే ఫైల్‌ని ఆర్‌బీ మోడ్‌లో (అక్షరాలుగా మార్చకుండా బైట్లుగానే) తెరిచి, 1 ఎంబీ బఫర్ ఇచ్చి, బైట్స్‌గానే లైన్లు కోసి, బైట్స్‌గానే డిక్షనరీలో లెక్కపెట్టి, చివర్లో ఫలితం చూపించేటప్పుడు మాత్రమే డీకోడ్ చేశా. స్పేస్, కామా లాంటివి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్ల మధ్యలో ఎప్పటికీ రావు కాబట్టి అలా కోసినా అక్షరం చెడదు. ఈ ఒక్క మార్పుతో అదే పైథాన్ దాదాపు సగం టైమ్‌లో ముగించింది.

విండోస్‌లో పైథాన్‌తో తెలుగు ఫైల్ తెరిచి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే 8డీ బైట్ డీకోడ్ చెయ్యలేనని ఎర్రర్ వచ్చి ఆగిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఆ బైట్ మరేదో కాదు, మన పొల్లు. దాని మూడు బైట్లు ఈ0, బీ1, 8డీ. పాత విండోస్ ఎన్‌కోడింగ్‌లో 8డీకి అక్షరమే లేదు. ఏ ఒత్తక్షరం వచ్చినా అందులో పొల్లు ఉంటుంది, కాబట్టి తెలుగు ఫైల్ మొదటి పేజీ కూడా దాటదు. జావాలో ఇదే ఇబ్బంది ఎర్రర్ కూడా లేకుండా చెత్త అక్షరాలుగా బయటపడేది, 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేశాక ప్రాణం కుదుటపడింది.

గో అంటే నాకు ఇప్పటికీ కొంచెం భయం, స్పీడ్ గురించి కాదు. స్పీడ్ బాగుంటుంది, బఫ్‌ఐఓ లైబ్రరీ వాడితే చాలు, బైట్లని బైట్లుగానే వదిలేస్తుంది కాబట్టి తెలుగుకి అదనపు ఖర్చు లేదు. కానీ దాని స్కానర్‌కి ఒక లైన్ 64 కేబీ దాటితే ఇక ముందుకి పోదు, లూప్ మామూలుగా అయిపోయినట్టే బయటికొచ్చేస్తుంది, ఎర్రర్ వచ్చిందా అని మనం విడిగా అడగాలి. నేను అడగలేదు. ఒక క్లయింట్ ఫైల్‌లో ఎక్కడో మధ్యలో చాలా పొడుగు లైన్ ఒకటి ఉంది, దాని తర్వాత ఉన్నవన్నీ పోయాయి, జాబ్ మాత్రం సక్సెస్ అని చూపిస్తూ వచ్చింది. పైగా ఆ నాలుగు రోజులూ "భలే ఫాస్ట్‌గా అవుతోందే" అని సంతోషపడ్డా. ఐదో రోజు ఫోన్ వచ్చింది, మొత్తాలు కలవట్లేదని. అప్పట్నుంచి ఏ లాంగ్వేజ్ అయినా సరే, చదివిన లైన్ల సంఖ్యని లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్ ఇచ్చిన సంఖ్యతో పోల్చకుండా నేను టైమ్ చూడను.

రస్ట్ గురించి చెప్పాలంటే మొదటి వారం నిరాశపడ్డా, పైథాన్ కంటే స్లో వచ్చింది. రెండు తప్పులు. రిలీజ్ అని చెప్పకుండా బిల్డ్ చేశా, ఆప్టిమైజ్ చెయ్యని డీబగ్ బిల్డ్‌తో స్పీడ్ కొలిస్తే ఏమీ తెలియదు. రెండోది, ప్రింట్‌ఎల్‌ఎన్ మాక్రో ప్రతిసారీ లాక్ తీసుకుంటుంది, అవుట్‌పుట్ ఫైల్‌లోకి పంపినా లైన్ లైన్‌కీ బయటికి తోస్తుంది. ఎస్‌టీడీఅవుట్‌ని ఒకసారి లాక్ చేసి బఫ్‌రైటర్‌లో చుట్టాక సరైంది. చదివేటప్పుడు లైన్స్ అనే ఫంక్షన్ ప్రతి లైన్‌కీ కొత్త స్ట్రింగ్ పుట్టిస్తుంది, యూటీఎఫ్-8 సరిచూస్తుంది కూడా, ఒకే వెక్టర్‌లోకి రీడ్ అన్‌టిల్‌తో బైట్లు తెచ్చుకుంటే ఆ రెండు ఖర్చులూ తగ్గుతాయి. ఇవన్నీ చేశాక నా తెలుగు పదాల లెక్కలో మొదటి స్థానం రస్ట్‌కీ, ఎఫ్‌రీడ్‌తో రాసిన సీకీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఒకరోజు ఇది ముందు, ఒకరోజు అది.

కొలిచేవాళ్లకి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మొదటిసారి చదివిన ఫైల్ ర్యామ్‌లో పేజ్ క్యాష్‌గా ఉండిపోతుంది. నేను మొదట్లో సీ ప్రోగ్రామ్ నడిపి వెంటనే పైథాన్ నడిపితే పైథాన్ గెలిచింది, అప్పుడు నా దగ్గర పాత హార్డ్‌డిస్క్ ఉండేది, సీ డిస్క్ నుంచి చదివింది, పైథాన్ ర్యామ్ నుంచి చదివింది, అంతే తేడా. కాబట్టి ప్రతిసారీ లైనక్స్‌లోని డ్రాప్ క్యాషెస్ ఫైల్‌కి 3 రాసి ఆ క్యాష్ ఖాళీ చెయ్యండి, లేదా ప్రతిదాన్నీ ఒకసారి ఊరికే నడిపి రెండోసారి నుంచి కొలవండి, రెంటినీ కలపొద్దు. రాయడంలోనూ ఇంతే. ప్రోగ్రామ్ అయిపోయింది అంటే డేటా డిస్క్ మీదకి చేరిందని కాదు, ర్యామ్‌లో ఉండొచ్చు. వెంటనే సింక్ కమాండ్ కొట్టి చూడండి, ఎంతసేపు ఆగుతుందో తెలుస్తుంది. డేటా డిస్క్ చేరేదాకా ఆగే ఎఫ్‌సింక్ పెట్టి కొలిస్తే అన్ని లాంగ్వేజ్‌లూ ఇంచుమించు ఒకే టైమ్‌కి వస్తాయి, ఎందుకంటే అప్పుడు అందరూ ఎదురుచూసేది ఆ డిస్క్ కోసమే.

ఫైల్‌ని మెమరీలో భాగంలా చూపించే ఎమ్‌మ్యాప్ కూడా కొన్నాళ్లు వాడా. ఒకే ఫైల్‌లో అటూ ఇటూ ఎగిరి వెతకాలంటే బాగుంది, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదివే పనికి పెద్దగా ఏం కలిసిరాలేదు, పైగా చదువుతుండగా ఇంకో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని చిన్నది చేస్తే మనది సిగ్‌బస్ అనే సిగ్నల్‌తో చచ్చిపోతుంది. వదిలేశా.

మొదట్లో చెప్పిన మా టీమ్ అబ్బాయి ఎస్‌ట్రేస్ పెట్టి చూశాడు. రీడ్ కాల్స్ మామూలుగానే ఉన్నాయి, రైట్ కాల్స్ లైన్ల సంఖ్యతో సరిగ్గా సమానం. ఎప్పుడో ఎవరో డీబగ్ కోసం ప్రింట్‌లో ఫ్లష్ ట్రూ (ప్రతి లైనూ వెంటనే బయటికి తోసెయ్యమని) పెట్టి మర్చిపోయారు. అది తీసేసి, చదివే చోట ఆర్‌బీ పెట్టాడు. ఇప్పుడు రెండో వారం నడుస్తోంది, రోజూ పొద్దున్నే రాగానే పాతదాని లైన్ల కౌంటూ కొత్తదాని కౌంటూ పక్కపక్కన పెట్టి నాకు చూపిస్తున్నాడు, ఇంకో వారం చూసి పాతది ఆపేద్దామన్నా.