మందుల షాపు ఫ్రిజ్: తలుపు మీది అంకెను ఎంతవరకు నమ్మాలి?

ఇన్సులిన్, చాలా టీకాలు, కొన్ని కంటి చుక్కలు, కొన్ని హార్మోన్ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. వీటి కోసం షాపుల్లో మూడు రకాల ఫ్రిజ్‌లు వాడుతుంటారు: లోపలే ఫ్రీజర్ గూడు ఉన్న ఒంటి తలుపు చిన్న ఫ్రిజ్, ఇళ్లలో వాడే మామూలు ఫ్రిజ్, మందుల కోసమే తయారైన ఫ్రిజ్. ఏ అరలో పెట్టిన మందు నిజంగా ఎంత చల్లగా ఉంటోంది అన్నదాన్ని బట్టే ఇక్కడ వీటి మంచిచెడ్డలు చూస్తున్నాం.

చిన్న ఫ్రిజ్ మందులకు అసలు పనికిరాదు. ఫ్రీజర్ గూటికి దగ్గరగా ఉన్న మందు గడ్డకడుతుంటే, దూరంగా ఉన్నది 8 డిగ్రీలు దాటిపోతుంది. నాబ్ ఎటు తిప్పినా ఏదో ఒక మూల తప్పుతూనే ఉంటుంది.

మామూలు ఫ్రిజ్ స్టాక్ తక్కువగా ఉన్నచోట, జాగ్రత్తగా వాడితే నడుస్తుంది. తలుపు అరల్లో, కూరగాయల ట్రేలో, చల్లగాలి వచ్చే రంధ్రాల ఎదురుగా మందు పెట్టకూడదు. ఇక మిగిలేది మధ్య అరలే. తలుపులో, ట్రేలో నీళ్ల సీసాలు నింపి ఉంచితే ఉష్ణోగ్రత త్వరగా ఊగిసలాడదు. అన్నం డబ్బాలు, కూల్‌డ్రింకులు అందులో పెట్టనివ్వకూడదు. తలుపు తెరిచిన ప్రతిసారీ వెచ్చని గాలి లోపలికి పోతుంది.

మందుల ఫ్రిజ్‌లో ఫ్యాన్ గాలిని లోపలంతా తిప్పుతుంది కాబట్టి పై అరకీ కింది అరకీ తేడా బాగా తగ్గుతుంది. తాళం, అలారం, ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే కొన) తీగ లోపలికి పోయేందుకు రంధ్రం ఉంటాయి. స్టాక్ ఎక్కువగా ఉన్న షాపుకి మా సిఫార్సు ఇదే. అయితే దీనికీ లోపాలున్నాయి. గాజు తలుపు ఉంటే తెరవకుండానే సరుకు కనిపిస్తుంది కానీ, కరెంటు పోయినప్పుడు లోపల త్వరగా వేడెక్కుతుంది. పెట్టెలను వెనక గోడకి ఆనించి కుక్కితే ఫ్యాన్ ఉన్నా గాలి తిరగదు. గోడలకీ సరుకుకీ మధ్య 5 సెంటీమీటర్లయినా ఖాళీ వదలాలి.

వేడి కంటే చలి చేసే నష్టం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది కంటికి కనబడకపోవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు. కానీ దాని బలం తగ్గి ఉండవచ్చు, ఇన్సులిన్ పెన్నులో పెట్టే గాజు గొట్టమైన కాట్రిడ్జ్‌లో సన్నని పగులు ఉండవచ్చు. దాన్ని పారేయాల్సిందే. ధనుర్వాతం, హెపటైటిస్ బి లాంటి టీకాల్లోని అల్యూమినియం లవణం గడ్డకడితే రేణువులు ముద్దలవుతాయి, టీకా పనిచేయదు. అందుకే థర్మోస్టాట్‌ను 5 దగ్గర పెట్టాలి. ఎండాకాలం కదా అని 2కి దించడం ప్రమాదం.

ఇక తలుపు మీద వెలిగే అంకె. అది సెన్సర్ ఉన్నచోటి గాలి ఉష్ణోగ్రత మాత్రమే. తలుపు కాసేపు తెరిస్తే గాలి వెంటనే వేడెక్కుతుంది, వయల్‌లోని ద్రవం అంత త్వరగా వేడెక్కదు. గ్లైకాల్ (మందులాగే నెమ్మదిగా వేడెక్కే ద్రవం) సీసాలో ముంచిన ప్రోబ్ ఉన్న డేటా లాగర్, అంటే ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే పరికరం, మందుకి దగ్గరగా ఉండే కొలత ఇస్తుంది. అది 15 నిమిషాలకోసారి నమోదు చేసేలా పెట్టి, ప్రోబ్‌ను మధ్య అరలో మందుల పక్కనే ఉంచాలి. రోజూ షాపు తెరవగానే కనిష్ఠ, గరిష్ఠ అంకెలు రాసుకుని రీసెట్ నొక్కాలి. రీసెట్ మరిచిపోతే ఎప్పుడో వచ్చిన 9 డిగ్రీలే రోజూ కనిపిస్తుంది, కొత్త తప్పు దాని వెనక దాక్కుంటుంది.

థర్మామీటర్ నిజం చెబుతోందా అన్నది తేలిగ్గానే తేల్చవచ్చు. ఫ్లాస్కులో మంచుముక్కలు నలగ్గొట్టి నింపి, సందులు నిండేలా డిస్టిల్డ్ వాటర్ పోసి, కలిపి కొన్ని నిమిషాలు ఆగాలి. ప్రోబ్‌ను అడుగుకీ గోడలకీ తగలకుండా మధ్యలో ముంచితే సున్నా చూపాలి. అర డిగ్రీకి మించి తేడా వస్తే క్యాలిబ్రేషన్ (ప్రామాణిక పరికరంతో పోల్చి సరిచూడటం)‌కి పంపాలి. మధ్యమధ్య ఈ పరీక్ష చేస్తున్నా ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే.

కొత్త ఫ్రిజ్ రాగానే మందులు సర్దేయకూడదు. నీళ్ల సీసాలతో కొన్ని రోజులు నడిపి, అన్ని అరల్లో కొలిచి, 2-8 మధ్య నిలకడగా ఉందని తేలాకే స్టాక్ పెట్టాలి. కొనేముందు అలారం గురించి గట్టిగా అడగండి. మూసిన షాపులో అర్ధరాత్రి మోగే బజర్ ఎవరికీ వినబడదు. ఫోన్‌కి సందేశం పంపేది, కరెంటు పోయినా బ్యాటరీతో పనిచేసేది కావాలి.

ఉష్ణోగ్రత హద్దు దాటిందని తెలిస్తే సరుకును వెంటనే పారేయొద్దు, అమ్మనూ వద్దు. పెట్టెలన్నీ ఒక సంచిలో వేసి 'వాడొద్దు' అని రాసి, సరిగా పనిచేసే ఫ్రిజ్‌లో వేరుగా ఉంచాలి. ఎంతసేపు, ఎన్ని డిగ్రీల దాకా పోయిందో లాగర్ నుంచి తీసి, బ్యాచ్ నంబర్లతో తయారీదారుని అడగాలి. వాడవచ్చని జవాబొస్తే ఆ వివరం ప్రతి పెట్టె మీదా తేదీతో సహా రాయాలి. మళ్లీ ఇంకోసారి కరెంటు పోతే, హద్దు దాటి గడిచిన పాత గంటలూ కొత్త గంటలూ కలిపే లెక్కేస్తారు.