ఉగ్గు: ఇంట్లో చేసిందా, డబ్బాదా?

బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్న మాకు పాపకు ఆరు నెలలు నిండగానే ఎదురైన ప్రశ్న ఇది. రెండూ వాడి చూశాను.

ఖర్చు: ఇంటి ఉగ్గు చాలా చవక. కిలో రాగులు, గుప్పెడు పెసరపప్పు చాలు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. రాగులు కడిగి, రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో మూట కట్టాలి. ఒకటి రెండు రోజుల్లో తెల్లని మొలకలు గుడ్డలోంచి పొడుచుకొస్తాయి. వాటిని ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి, జల్లించాలి. బెంగళూరు ముసురులో గింజలు సరిగా ఆరక, ఒకసారి నా పిండికి బూజు పట్టింది. మొత్తం పారబోశాను, ప్రాణం ఉసూరుమంది. డబ్బా అయితే కాచిన గోరువెచ్చని నీళ్లలో కలిపితే సరి.

పోషణ: 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇనుములో మాత్రం డబ్బాదే పైచేయి, దాన్ని విడిగా కలుపుతారు. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము బిడ్డకు సరిపోదు కాబట్టి, ఇంటి ఉగ్గు పెట్టేవారు మెత్తగా చిదిమిన గుడ్డు, పప్పు కూడా అలవాటు చేయాలి.

జాగ్రత్త: కొన్ని డబ్బాల్లో చక్కెర ఉంటుంది, లేబుల్ తప్పక చదవండి. ఏది పెట్టినా ఏడాది నిండేవరకు ఉప్పు, చక్కెర, తేనె వద్దు.

అమ్మమ్మో నాయనమ్మో తోడున్న ఇంటికి నా ఓటు ఇంటి ఉగ్గుకే. 26 వారాల ప్రసూతి సెలవు ముగిసి ఆఫీసుకు పరుగెత్తే తల్లికి చక్కెర లేని డబ్బా మేలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ముందు డాక్టరును అడగండి. రాత్రి బస్సులో ఊరికి బయలుదేరేటప్పుడు నా సంచిలోనూ డబ్బానే ఉంటుంది.