చేర్యాల పటంతో జెండర్ పాఠం: హనుమకొండలో డ్రాయింగ్ టీచర్ల వర్క్‌షాప్ ఎట్లుంది?

ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు లైంగిక, జెండర్ వైవిధ్యం గురించి బొమ్మలతో ఎట్ల చెప్పాలో డ్రాయింగ్ టీచర్లకు నేర్పే శని, ఆదివారాల శిక్షణ ఇది.

మొదటి పూట అభ్యాసం కోసమైనా పోవచ్చు. ఒకే మనిషి గీతబొమ్మను నాలుగు జిరాక్సులు ఇస్తారు. ఒకదానికి మీసం, తలపాగా, ఇంకోదానికి కొప్పు, ముక్కుపుడక, మూడోదానికి మీసం, కొప్పు రెండూ, నాలుగోది ఉత్తదే. తర్వాత కాగితాలు మార్చుకొని, "ఆడనా, మగనా? దేన్ని చూసి అన్నరు?" అని అడుగుతారు. జవాబులన్నీ బట్టలు, నగలు, వెంట్రుకల దగ్గరే ఆగుతాయి. లోపలి మనిషి సంగతి బొమ్మ చెప్పలేదని పిల్లలే పట్టేస్తారు, ఉపన్యాసం అక్కర్లేదు.

చిక్కంతా మధ్యాహ్నం నుంచే. పైకి కనిపించే వేషం, తానెవరో తనకు తెలిసిన గుర్తింపు, ఎవరి మీద ఇష్టం కలుగుతుందన్నది, ఈ మూడూ వేర్వేరు. అన్నిటికీ అర్ధనారీశ్వరుణ్ణే చూపించేసరికి ట్రాన్స్‌జెండర్ అంటే సగం ఆడ, సగం మగ అనే ముద్ర పడుతుంది. ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగ అన్నా, తాను మహిళనని తనకు తెలిసిన మనిషి) సగం కాదు, మహిళే. వేషానికి బృహన్నలను, గుర్తింపుకు శిఖండిని తీసుకోవచ్చు (ఆ పేరును తిట్టుగా వాడతారు కాబట్టి ఆ ముచ్చట ముందే తేల్చాలి). ఇష్టం సంగతికి పురాణాలు వద్దు, ఇప్పటి మనుషులనే గీయించాలి.

ఆదివారం చేర్యాల నకాషీ పద్ధతిలో పటం, అంటే కథను వరుస బొమ్మలుగా గీసి చుట్టిపెట్టే బట్ట. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, తెల్లసుద్ద కలిపి పూతలు వేస్తారు. ఒక పూత ఆరకముందే మరొకటి వేస్తే, చుట్టినప్పుడు పెచ్చులూడుతుంది. ఒక్కరోజులో తెమిలే పని కాదు, బట్ట ముందే సిద్ధం చేసి ఉంచాల్సింది. బళ్లో అయితే నాలుగు డ్రాయింగ్ షీట్లు అతికిస్తే సరిపోతుంది. "నీ కథే గీయి" అన్న సూచన మాత్రం తీసేయాలి. చెప్పుకోవడానికి సిద్ధంగా లేని పిల్లను అది తరగతి ముందు నిలబెడుతుంది. కల్పిత పాత్ర ఇవ్వాలి.

కరపత్రంలో ప్రైడ్ జెండాకు (లైంగిక, జెండర్ వైవిధ్యానికి గుర్తుగా ఎగరేసేది) ఏడు రంగులున్నాయి, ఇంద్రధనుస్సు లెక్కన వేసినట్టున్నారు. గిల్బర్ట్ బేకర్ 1978లో చేసినదానికి ఎనిమిది చారలు, ఇప్పుడు వాడుకలో ఉన్నదానికి ఆరు.

తల్లిదండ్రులు అడిగితే చూపడానికి 2014 ఏప్రిల్ 15 (ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కు), 2018 సెప్టెంబర్ 6 (స్వలింగ సంబంధం నేరం కాదు) నాటి సుప్రీంకోర్టు తీర్పుల సారాంశం ఇస్తారు. పాఠానికి ముందే ఒక కాపీ హెడ్‌మాస్టర్‌కు ఇవ్వాలి. హిజ్రాలను వారంట్ లేకుండానే అరెస్టు చేయనిచ్చిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసిన సంగతి అందులో లేదు. ఇక్కడి పిల్లలకు మొదట చెప్పాల్సింది అదే.