మొదటి ఏడాది గట్టు, రెండో ఏడాది గండి

కోనసీమలో కాలువ పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నడుస్తున్న బ్రిడ్జ్ కార్యక్రమం (ఇంటర్ చదువుకీ ఇంజనీరింగ్‌కీ మధ్య వంతెనలాంటి క్లాసులు, సాయం) గురించి ఈ రివ్యూ. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు, ఇంట్లో తమకంటే ముందు ఎవరూ కాలేజీ మెట్లెక్కనివాళ్లు, ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార కుటుంబాల పిల్లలు, మెకానికల్, సివిల్ లాంటి బ్రాంచీల్లో ఒకరిద్దరుగా మిగిలిపోయే ఆడపిల్లలు, వీళ్ల కోసం పెట్టారు. ఫీజు లేదు. ల్యాబ్ పరికరాల కిట్టుకి ఐదొందలు డిపాజిట్. లోపాలు కూడా రాస్తున్నాం కాబట్టి కాలేజీ పేరు వద్దనుకున్నాం.

ముందు సిబ్బంది సంగతి. గణితం చెప్పే కోఆర్డినేటర్ మేడం, ఇద్దరు ల్యాబ్ అసిస్టెంట్లు, స్కాలర్‌షిప్పులు చూసే ఒక క్లర్కు. అంతే. బ్రోచర్‌లో కనిపించే ప్రేరణ ప్రసంగాలు, శాలువాలు, గ్రూప్ ఫోటోలు మొత్తం తీసేసినా ఏ పిల్లకీ నష్టం లేదు. ఈ నలుగురిలో ఒకరు వారం సెలవు పెడితే మాత్రం పని ఆగిపోతుంది.

సాంకేతిక విద్యని చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ, కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్పిన మూడు వారాల ఇండక్షన్‌ని చాలా కాలేజీలు ఉపన్యాసాలతో నింపేస్తాయి. ఇక్కడ మధ్యాహ్నాలు లెక్కలకే. మొదటి రోజు ఒక పరీక్ష పెడతారు. పది లెక్కలు, కాగితానికి ఒకవైపు తెలుగులో, రెండోవైపు అవే లెక్కలు అంకెలు మార్చి ఇంగ్లీషులో. రెండు వైపులా వచ్చిన మార్కులు పక్కపక్కన పెడితే రోగం బయటపడుతుంది. ద్రవ్యవేగం అంటే చకచకా కట్టేసే కుర్రాడు మొమెంటమ్ అనగానే తెల్లమొహం వేస్తాడు. నిర్ధారకం వచ్చు, డిటర్మినెంట్ రాదు. సదిశ వచ్చు, వెక్టర్ రాదు. వాడికి లెక్కలు మళ్లీ నేర్పడం దండగ, మాటలు మార్చి చెబితే చాలు. రెండు వైపులా తప్పు చేసినవాళ్లని భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌ల దగ్గర కూర్చోబెడతారు. ఈ రెండు గుంపుల్నీ కలిపేసి అందరికీ ఒకే పాఠం చెప్పడమే మిగతా కాలేజీల బ్రిడ్జ్ కోర్సులు చేసే తప్పు. మాటలు తెలియనివాడికి విసుగొస్తుంది, లెక్కలు రానివాడికి భయం పుడుతుంది.

మాటల పట్టిక కూడా పుస్తకంలా ఒకేసారి చేతిలో పెట్టరు. ఆ వారం పాఠంలో వచ్చే పాతిక మాటలు ఒకే కాగితం మీద ఇస్తారు. మాట పక్కన అర్థం ఉండదు, చిన్న లెక్క ఉంటుంది. అది చేస్తేనే మాట పట్టుబడుతుంది.

మేడం పద్ధతిలో మాకు నచ్చింది ఇంకోటి ఉంది. మన వైపు పిల్లలు అర్థమైనా ‘ఆయ్’ అంటారు, కాకపోయినా ‘ఆయ్’ అంటారు. అది మర్యాదేగానీ జవాబు కాదు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన లెక్చరర్లకి ఈ సంగతి తెలిసేసరికి సెమిస్టర్ సగమైపోతుంది. ఈవిడ ‘ఆయ్ వద్దమ్మా, తర్వాతి మెట్టు బోర్డు మీద వెయ్యి’ అంటుంది. క్లాసులో ప్రతి పిల్లా వారానికి ఒక్కసారైనా చాక్‌పీస్ పట్టుకోవాలి. ఎవరు పట్టుకున్నారో, ఏ మెట్టు దగ్గర ఆగారో ఆవిడ డైరీలో ఉంటుంది.

ల్యాబ్ అసిస్టెంట్లకి తప్పులు ఎక్కడొస్తాయో కంఠతా వచ్చు. సీ ప్రోగ్రామింగ్‌లో ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే లెక్క ఇస్తారు. ఐదు బై తొమ్మిది అని రాయగానే ఎంత వేడి ఇచ్చినా జవాబు సున్నా వస్తుంది. రెండూ పూర్ణాంకాలు కాబట్టి కంప్యూటర్ భాగహారంలో దశాంశాల్ని కోసేస్తుంది. ఐదు పాయింట్ సున్నా అని రాస్తే సరిపోతుంది. ఇది వాళ్లు ముందే చెప్పరు. సున్నా చూసి పిల్లలు బుర్ర గోక్కున్నాకే చెబుతారు. స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మర్చిపోవడం, ఫర్ లూపు చివర సెమీకోలన్ పెట్టేయడం కూడా ఇదే దారిలో నేర్పుతారు.

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో అయితే మల్టీమీటరు. కరెంటు కొలిచే స్థానంలో పెట్టి సప్లై రెండు చివరలకీ తగిలిస్తే లోపల ఫ్యూజు పోతుంది. ఆ స్థానంలో మీటరు నిరోధం దాదాపు సున్నా, అంటే షార్ట్ చేసినట్టే. పోయిన ఫ్యూజుతో వోల్టేజి బాగానే చూపిస్తుంది కాబట్టి తర్వాతి బ్యాచ్ వాళ్లు కరెంటు రావట్లేదని సర్క్యూట్ అంతా విప్పుకుంటారు. బ్రెడ్‌బోర్డుల్లోనూ ఇలాంటి మాయ ఉంది. పొడవాటి బోర్డుల్లో కొన్నింటికి పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది, సగానికి సప్లై అందదు. అలాంటి బోర్డుల మీద అసిస్టెంట్లు ఎర్ర పెయింట్ చుక్క పెట్టి ఉంచారు. వేల రూపాయల పరికరం కంటే ఆ చుక్కే ఎక్కువ పని చేసింది.

ఇక క్లర్కు బల్ల. అసలు కార్యక్రమం అదేనంటే మాకేం అభ్యంతరం లేదు. పిల్లలు మధ్యలో మానేయడానికి లెక్కలు రాకపోవడం కంటే డబ్బు ఆగిపోవడమే పెద్ద కారణమని ఈయనకి తెలుసు. బ్యాంకు ఖాతాకి ఆధార్ ఇచ్చామని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. ఖాతాకి ఆధార్ ఇవ్వడం వేరు, డబ్బు పడే ఖాతాగా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ అవడం, అంటే సీడింగ్, వేరు. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే, చివరగా ఎక్కడ సీడింగ్ చేయించారో అందులోనే పడుతుంది. వాడకుండా వదిలేసిన ఖాతా అదే అయితే డబ్బు వెనక్కి పోతుంది. ఈయన ప్రతి పిల్లదీ ఫోన్‌లోనే సీడింగ్ స్టేటస్ తీయించి, బ్యాంకు పేరు రాసుకుంటాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉన్న కేసుల్ని చేరిన వారంలోనే పక్కకి తీస్తాడు.

ఆడపిల్లలకి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. వైకల్యం ఉన్న పిల్లలకి ఇచ్చే సక్షమ్ స్కాలర్‌షిప్ కూడా అంతే మొత్తం. దరఖాస్తు పెట్టేశాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ని ఎవరూ మళ్లీ తెరవరు, దెబ్బ పడేది అక్కడే. పత్రం మసగ్గా ఉందని డిఫెక్టివ్‌గా వెనక్కొస్తే, గడువులోగా సరిచేసి మళ్లీ పంపకపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు. ఈయన సోమవారం సోమవారం అందరి స్టేటస్‌లూ తిప్పి చూస్తాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు కావాలి కదా, అది 80కి దిగగానే ఇంటికి ఫోన్ వెళ్తుంది. వరద రోజుల్లో సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు ఆగిపోతే అవతలి పిల్లలకి వరసగా గైర్హాజరులు పడతాయి. వాటిని విడిగా రాసుకుని ప్రిన్సిపాల్ దగ్గర పెట్టేదీ ఈయనే.

సాయంత్రం ల్యాబ్ ఏడింటి దాకా తెరిచి ఉంటుంది అంటారు. లంకల వైపు బస్సులు అంతకుముందే వెళ్లిపోతాయి. కాబట్టి ఆ సౌకర్యం హాస్టల్ వాళ్లకే అనుకోండి.

జేఎన్‌టీయూ కాకినాడ లెక్కలో సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో బాగా వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్ పోయిందని పిల్లలు డీలా పడితే మేడం కాగితం మీద ఆ లెక్క వేసి చూపిస్తుంది. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల విషయంలోనూ సలహా మంచిదే. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లలో మెరుగైన 8కి 25 మార్కులు, పరీక్షకి 75. అసైన్‌మెంట్లు వాట్సాప్‌లో కాపీ కొట్టి 25 తెచ్చుకున్నా పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్ రాదు. అందుకే ఇక్కడ మొదటి నాలుగు అసైన్‌మెంట్లు చేతిరాతతో చూపించినవాళ్లకే పరీక్ష ఫీజు కట్టిస్తారు.

ఇంతవరకూ గట్టు. రెండో ఏడాది నుంచి గండి.

ప్రాజెక్టు పేరుతో రొయ్యల చెరువు నీళ్ల నాణ్యత కొలిచే పరికరం చేయిస్తారు. ఊహ బాగుంది, పిల్లల ఊళ్ల అవసరమే. కానీ చూసుకునే మనిషి లేడు. పీహెచ్ ప్రోబ్‌ని శుభ్రం అనుకుని డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచుతున్నారు. అలా ఉంచితే లోపలి లవణాలు బయటికి పోయి ప్రోబ్ మొద్దుబారుతుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి, పీహెచ్ ముందే తెలిసిన 7, 10 బఫర్ ద్రావణాలతో మళ్లీ మళ్లీ సరిచూడాలి. కరిగిన ఆక్సిజన్ పగలు కొలిచి చార్టు గీశారు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. నాచు రాత్రంతా పీల్చుకుంటుందే తప్ప వదలదు. చెరువు కాపలా కాసేవాడి కొడుకు అదే బ్యాచ్‌లో ఉంటాడు, ఆ సంగతి వాణ్ణడిగినా చెప్పేవాడు.

పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లల్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. వాళ్ల చేతులు ల్యాబ్‌లో ఆడతాయి, కాలిక్యులస్ దగ్గర ఆగిపోతాయి. మొదటి ఏడాది బ్రిడ్జ్ క్లాసులు వాళ్లొచ్చేసరికి అయిపోయి ఉంటాయి. పైగా ల్యాబ్ అసిస్టెంట్లిద్దరూ కాంట్రాక్టు మీదే. వాళ్లు మారితే ఎర్ర చుక్క ఎందుకో తెలిసినవాడు ఉండడు. మేడం డైరీకి రెండో ప్రతి లేదు.

మా మార్కులు మొదటి ఏడాదికి ఐదుకి నాలుగున్నర, తర్వాతకి రెండు. పిల్లని చేర్పించే ముందు స్పాన్సర్లెవరని అడక్కండి. డిఫెక్టివ్ పడ్డ దరఖాస్తుల్ని ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకోసారి చూస్తారు అని అడగండి. వెళ్లేటప్పుడు పదో తరగతి మెమో, ఆధార్, కుల, ఆదాయ సర్టిఫికెట్ల జిరాక్సులు ఒరిజినల్స్‌తో పాటు పట్టుకెళ్లండి, జిరాక్సుల మీద మసక ఉంటే క్లర్కు గుమ్మం దగ్గరే తిప్పి పంపుతాడు. కిట్టు తీసుకునేటప్పుడు మల్టీమీటరు కరెంటు స్థానంలో పని చేస్తోందో లేదో అక్కడే చూసుకోండి. ఫ్యూజు పోయి ఉంటే డిపాజిట్‌లో కోసేస్తారు, అది బయట దొరికేది పదీ ఇరవై రూపాయలకి.