తిరుగు టికెట్టా, డమ్మీ టికెట్టా? వీసా అక్కరలేని దేశానికి వెళ్లేటప్పుడు ఏది మేలు?

కిందటేడు విశాఖ విమానాశ్రయంలో మలేసియా బయలుదేరిన మా పిన్ని తిరుగు టికెట్టని అందించిన కాగితాన్ని కౌంటరులోని అమ్మాయి రెండుసార్లు చూసింది. కౌలాలంపూర్ నుంచి చెన్నై మీదుగా భువనేశ్వరం, పైన పిన్ని పేరు, పక్కనే ఆరు అక్షరాల పీఎన్‌ఆర్. అన్నీ సరిగానే ఉన్నాయి. కంప్యూటర్‌లో చూసి, "అమ్మా, ఈ బుకింగ్ నిన్ననే రద్దయిపోయింది" అని మెల్లగా చెప్పింది. బరంపురంలో ఒక ఏజెంటు ఎనిమిది వందలు తీసుకుని ఇచ్చిన కాగితం అది. తెల్లవారుజామున రైలెక్కి వచ్చిన మనిషి, సూట్‌కేసు పక్కన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాబాయి అక్కడికక్కడే ఫోనులో అసలు టికెట్టు కొన్నారు, వెళ్లేటప్పటి ఛార్జీకి దాదాపు రెట్టింపు పెట్టి.

ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరు విదేశం బయలుదేరినా నేను మొదట అడిగేది తిరుగు టికెట్టు గురించే.

మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తోంది. ఫిలిప్పీన్స్ 2025 జూన్ నుంచి 14 రోజులకు తలుపు తీసింది. వీసా ఉన్నప్పుడు మన కాగితాలన్నీ ముందే ఎవరో పరిశీలిస్తారు. వీసా లేనప్పుడు ఆ పని విమానం ఎక్కే చోటికి వచ్చి పడుతుంది. అవతలి దేశం మనల్ని లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత మనల్ని ఎక్కించుకున్న విమాన సంస్థదే, చాలాచోట్ల జరిమానా కూడా దానికే పడుతుంది. అందుకే కౌంటరులో ఉన్నవారు ప్రతి దేశం నియమాలనూ టిమాటిక్ అనే సమాచార నిధిలో చూసి మరీ అడుగుతారు. వారిని తప్పుపట్టలేం.

మరి ఏం చూపించాలి? డమ్మీ టికెట్టు సంగతి ముందు చెబుతాను, మోసపోయేది అక్కడే కాబట్టి. ఏజెంటు సీటు పట్టి ఉంచుతాడు, డబ్బు కట్టడు. పీఎన్‌ఆర్ పుడుతుంది కానీ టికెట్టు పుట్టదు. ఒకటి రెండు రోజుల్లో అదే రద్దయిపోతుంది. తేడా కనిపెట్టడం కష్టం కాదు: డబ్బు కట్టిన పెద్ద విమాన సంస్థల టికెట్టు మీద సాధారణంగా 13 అంకెల టికెట్టు నంబరు ఉంటుంది. అలాంటి సంస్థ టికెట్టు మీద అది లేకపోతే నాకు అనుమానమే. ఇక పీఎన్‌ఆర్ కూడా లేకుండా కంప్యూటర్‌లో అచ్చు వేసి ఇచ్చేవి పచ్చి దొంగకాగితాలు. వాటిని పట్టుకుని పరాయి దేశపు అధికారి ముందు నిలబడటం కన్నా ప్రయాణం మానుకోవడం నయం.

పూర్తి డబ్బు వాపసు వచ్చే టికెట్టు కొని, దిగాక రద్దు చేసుకోవడం రెండో దారి. ఇది నిజమైన టికెట్టే. కానీ ధర ఎక్కువ, ఆ డబ్బు తిరిగి రావడానికి రోజులు పడుతుంది. నెల జీతం మీద నడిచే ఇంటికి అంత మొత్తం అలా ఇరుక్కుపోవడం చిన్న సంగతి కాదు.

మూడోది బస్సు టికెట్టు. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు బస్సులు ఉన్నాయి, చవక కూడా. పొరుగు దేశానికి వెళ్తున్నానని చూపిస్తే చాలు కదా అని మా బావమరిది అడిగాడు. చాలదు. సింగపూర్ వెళ్లడానికి మనకు వీసా కావాలి. ఆ వీసా లేకుండా ఆ టికెట్టు చూపిస్తే తర్వాతి ప్రశ్న అదే. వీసా అడగని మరో దేశానికి టికెట్టు తీసుకున్నా, అక్కడా ఇదే ప్రశ్న ఎదురుకావచ్చు. గొలుసు చివరి లింకు మన దేశంలోనే ఉండాలి.

ఆ బావమరిదికి ఇంకో చిక్కు కూడా ఉంది. పదో తరగతి తప్పాడు, యాభై ఏళ్లు నిండలేదు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే వలస తనిఖీ తప్పనిసరి అని ఉంది. గంజాం, గజపతి జిల్లాల నుంచి పనికోసం ఊళ్లు దాటేవారిలో ఇలాంటి పాస్‌పోర్టులు చాలానే కనిపిస్తాయి. ఉద్యోగానికి వెళ్తే వలస అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల్లో మలేసియా, థాయ్‌లాండ్ రెండూ ఉన్నాయి. చుట్టపుచూపుగా వెళ్లేవారికి ఆ అనుమతి అక్కరలేదు, కానీ తిరుగు టికెట్టు చూపాలి. పర్యాటకుల పేరుతో తీసుకెళ్లి పనిలో ఇరికించేవారు ఉన్నారు గనుక మన ఇమిగ్రేషన్ అధికారులే ఇక్కడ గట్టిగా అడుగుతారు. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్నవారి చేతిలో డమ్మీ కాగితం ఉంటే వారిని ఆదుకునేవారు ఉండరు. వారి విషయంలో నేను రెండో మాట వినను: రానూపోనూ టికెట్టే.

తేదీ ఖాయమైన ఎవరికైనా అదే మేలు. ఒకే పీఎన్‌ఆర్‌లో రెండు ప్రయాణాలూ ఉంటే కౌంటరులో ఒక్క మాట కూడా అడగరు, తెర మీదే కనిపిస్తుంది.

తేదీ తేలనివారికి నేను చెప్పేది వేరు. కూతురి పురుడు ఎప్పుడో తెలియక వెళ్లే తల్లి ఏ రోజని తిరుగు టికెట్టు కొంటుంది? 30 రోజుల్లోపు ఏదో ఒక తేదీకి కౌలాలంపూర్ నుంచి చెన్నైకి దొరికే అతి చవక టికెట్టు డబ్బు కట్టి కొనండి. తేదీ మార్చుకునే వీలుంటే మరీ మంచిది, లేకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి. చెన్నై నుంచి హౌరా మెయిల్ ఎక్కితే బరంపురంలో దిగవచ్చు. భువనేశ్వరం దాకా విమాన టికెట్టే ఉండాలని ఎవరూ అడగరు, భారతదేశానికి ఉంటే చాలు.

ఇలా విడిగా కొన్న టికెట్టు వేరే విమాన సంస్థదైతే కౌంటరు తెర మీద కనబడదు, అందుకే అచ్చు వేయించి దగ్గర పెట్టుకోవాలి. పిన్ని మళ్లీ వెళ్తోంది. ఈసారి టికెట్టు కాగితం నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టులోనే దాచుకుంది. నిన్న నాకు చూపించి, 13 అంకెలూ వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.